మన ఇంగ్లీషు – అరువు వాక్యాలు

కళాశాలలో సెలవు చీటీలు చదివే పని ఉన్నవారికి ఒక విచిత్రం తెలిసే ఉంటుంది. సంవత్సరం పొడవునా మన విద్యార్థులకు వచ్చే ఇబ్బంది ఒక్కటే. అది జ్వరం. చెల్లెలి నిఖా జరిగినా జ్వరమే. వరికోతలలో తండ్రికి సాయపడవలసి వచ్చినా జ్వరమే. అమ్మమ్మ కాలం చేసినా జ్వరమే. “యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్” అని మొదలై “గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్ ఓన్లీ” అని ముగిసే ఆ చీటీని వారు చిన్న తరగతులలో ఎప్పుడో కంఠస్థం చేశారు. డిగ్రీ తరగతులకు వచ్చినా అదే చీటీ, అదే జ్వరం, అవే రెండు రోజులు.

ఈ విద్యార్థులు అబద్ధాలకోరులని మేము అనుకోవడం లేదు. ఎదురుగా నిలబెట్టి అడిగితే తెలుగులోనో ఉర్దూలోనో ఉన్న మాట ఉన్నట్టు చెబుతారు. నిజం చెప్పడానికి కావలసిన ఇంగ్లీషు వాక్యం వారి వద్ద లేదు. జ్వరం వాక్యం మాత్రం సిద్ధంగా ఉన్నది. ఉన్నదానినే వాడుకొన్నారు. అరువు తెచ్చుకొన్న వాక్యం అరువు సంగతినే చెబుతుంది. మన సంగతి చెప్పదు.

మన విద్యార్థుల ఇంగ్లీషు గురించి జరిగే చర్చలలో ఉచ్చారణ బాగులేదని ఒకరు, వ్యాకరణం రాదని ఒకరు, పదసంపద చాలదని మరొకరు అంటూ ఉంటారు. అవన్నీ కొంతవరకు నిజమే. అయితే వాటన్నిటికంటె ముందు చూడవలసిన లోపం ఈ అరువు వాక్యమేనని మా అభిప్రాయం. తాను చెప్పదలచినది ఏమిటో తేల్చుకొని, దానిని తన వాక్యంలో పెట్టే అలవాటు లేకపోవడమే అసలు వ్యాధి. మిగిలినవి దాని లక్షణాలు.

ఈ అరువు ఎక్కడనుంచి వచ్చిందో ఒకసారి చూడవలసి ఉంది. మన పెద్దలు అర్జీ వ్రాసేటప్పుడు తెలుగులో “మహారాజరాజశ్రీ” అని మొదలుపెట్టేవారు. ఉర్దూ, ఫారసీ అర్జీలలో వ్రాసేవాడు తనను తాను “ఫిద్వీ” అని చెప్పుకొని, అధికారిని “గరీబ్ పర్వర్” అని సంబోధించేవాడు. ఇంగ్లీషు కచేరీలు వచ్చినప్పుడు ఆ వినయమే వేషం మార్చుకొని “ఐ బెగ్ టు స్టేట్”, “యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్” అన్న రూపాలలో నిలిచింది. పాలించేవాడికి పాలితుడు వ్రాసుకొనే ఉత్తరాలవి. 1947లో ఆ పాలన పోయింది. ఉత్తరం మాత్రం పోలేదు. తాను కట్టిన పన్నుతో నడిచే కార్యాలయానికి, తనకు హక్కుగా రావలసిన పత్రంకోసం, మన విద్యార్థి నేటికీ “బెగ్” చేస్తున్నాడు. “కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్” అని ముగిస్తున్నాడు. చేయవలసిన “నీడ్‌ఫుల్” ఏమిటో ఆ ఉత్తరంలో ఎక్కడా ఉండదు.

ఇందులో వింత ఏమిటంటే, ఎవరినుంచి ఈ శైలిని నేర్చుకొన్నామో వారే దానిని వదిలించుకొనే ప్రయత్నం చాలాకాలం క్రితమే ప్రారంభించారు. ఫౌలర్ అనే పండితుడు 1926లో వెలువరించిన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ఆడంబరపు పదాలను గట్టిగానే మందలించాడు. మన దేశంలోని మోతీహారిలో 1903లో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1946లో వ్రాసిన ఒక వ్యాసంలో, అస్పష్టమైన భాషకూ అస్పష్టమైన ఆలోచనకూ ఉన్న సంబంధాన్ని విప్పి చూపాడు. చిన్న పదం చాలినచోట పెద్ద పదం వద్దనీ, తీసివేయగల పదాన్ని తీసివేయాలనీ ఆయన సలహా. బ్రిటిష్ ప్రభుత్వంలో ఉన్నతోద్యోగం చేసిన సర్ ఎర్నెస్ట్ గవర్స్ తన దేశపు ఉద్యోగులకోసమే 1948లో ఒక పుస్తకం వ్రాసి, ప్రజలకు అర్థమయ్యే మాటలలో ఉత్తరాలు వ్రాయమని బోధించాడు. 1979లో ఆ దేశంలోనే తేట ఇంగ్లీషుకోసం ఒక ఉద్యమం మొదలైంది. అమెరికాలో 2010లో, ప్రభుత్వ సంస్థలు ప్రజలకోసం వెలువరించే పత్రాలు స్పష్టమైన భాషలో ఉండాలని చట్టమే చేశారు. అక్కడివారు విడిచిపెట్టడానికి ప్రయత్నించిన పాత కోటును మనం ఇంకా ఇస్త్రీ చేసి తొడుక్కొంటున్నాము.

స్పష్టత అనేది పశ్చిమ దేశాలవారు మనకు నేర్పవలసిన విద్య అని దీనినిబట్టి అనుకోరాదు. మన రెండు భాషలూ ఈ పోరాటాన్ని తమ ఇళ్ళలోనే చేశాయి. మీర్జా గాలిబ్ ఉర్దూలో ఉత్తరాలు వ్రాసినప్పుడు, ఆనాటి ఆచారమైన పొడవాటి సంబోధనలను పక్కన పెట్టి, ఎదుట కూర్చున్న మిత్రునితో మాట్లాడుతున్నట్టు వ్రాశాడు. ఆ ఉత్తరాల సంపుటాలు 1868, 1869 సంవత్సరాలలో వెలువడి ఉర్దూ వచనానికి దారి చూపాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ప్రారంభించిన “తెహజీబుల్ అఖ్లాఖ్” పత్రిక, అలంకారాల బరువు లేని సూటి వచనాన్ని సంఘ సంస్కరణకు సాధనం చేసింది. తెలుగులో గిడుగు రామమూర్తి పంతులు శిష్టుల వాడుకభాషకు పుస్తకాలలో స్థానం కావాలని జీవితమంతా వాదించారు. 1919లో “తెలుగు” అనే పత్రికనే అందుకోసం నడిపారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఇంతటి వారసత్వం ఉన్న విద్యార్థులు ఇంగ్లీషు వ్రాసే వేళకు అర్జీల కాలానికి తిరిగి వెళ్ళడం న్యాయంగా లేదు.

ఇది అందచందాలకు సంబంధించిన విషయం మాత్రమే అయితే మేము ఇంతగా చెప్పేవారము కాము. అస్పష్టమైన వాక్యంవల్ల మన పిల్లలు నష్టపోతున్నారు. కొన్ని సంవత్సరాల క్రితం ఒక విద్యార్థిని ఉపకారవేతనంకోసం ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకొన్నది. ఆమె వ్రాసినది ఒకే ఒక వాక్యం. వివరాలు కొంత మార్చి ఇక్కడ ఇస్తున్నాము: “విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ మై ఫాదర్ హ్యావింగ్ ఎక్స్‌పైర్డ్ అండ్ మైసెల్ఫ్ బీయింగ్ ద ఎల్డెస్ట్ అండ్ ద సర్టిఫికెట్ హ్యావింగ్ బీన్ గివెన్ లేట్ డ్యూ టు విచ్ ద సేమ్ కుడ్ నాట్ బి సబ్మిటెడ్, ఐ హంబ్లీ రిక్వెస్ట్ టు కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్.” కొన్నాళ్ళకు ఆ కాగితం “నాట్ క్లియర్” అన్న రెండు మాటలతో తిరిగి వచ్చింది.

ఆమెను కూర్చోబెట్టి, జరిగినదేమిటో తెలుగులో చెప్పమన్నాము. తడుముకోకుండా చెప్పింది. “మా నాన్న మార్చిలో పోయారు. ఆదాయ ధ్రువపత్రం పన్నెండో తారీఖున చేతికి వచ్చింది. ఆఖరి తేదీ పదో తారీఖు. రెండు రోజులు ఆలస్యమైంది. నా దరఖాస్తు తీసుకోమని అడగాలి.” ఆ మాటలనే వరుస మార్చకుండా ఇంగ్లీషులో పెట్టమన్నాము. “మై ఫాదర్ డైడ్ ఇన్ మార్చ్. ఐ గాట్ ద ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆన్ ద ట్వెల్ఫ్త్. ద లాస్ట్ డేట్ వాజ్ ద టెన్త్. ఐ యామ్ టూ డేస్ లేట్. ప్లీజ్ యాక్సెప్ట్ మై అప్లికేషన్.” ఈ ఉత్తరంలో ఆమెకు తెలియని పదం ఒక్కటీ లేదు. ఆమెకు ఇంగ్లీషు రాదని మొదటి కాగితం చూసినవారు అనుకొని ఉంటారు. వచ్చునని రెండవ కాగితం చెబుతున్నది. దరఖాస్తు మంజూరు కావడమూ కాకపోవడమూ నిబంధనల మీద ఆధారపడిన విషయం. కాని ఆమె ఏమడుగుతున్నదో ఆ కార్యాలయానికి తెలిసినది రెండవ ఉత్తరంతోనే.

ఈ అనుభవంనుంచి మేము ఒక సూత్రాన్ని గ్రహించాము. ఇంగ్లీషులో వ్రాయబోయే ముందు ఆ సంగతిని మాతృభాషలో ఒకసారి పైకి చెప్పుకోవాలి. అక్కడ తడబడితే లోపం ఇంగ్లీషుది కాదు; ఆలోచన ఇంకా తేలలేదన్నమాట. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య బోధిస్తూనే ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. మాతృభాషలో ఆలోచనా, ఇంగ్లీషులో ప్రవేశమూ ఒకదానికొకటి అడ్డు కావని ఆనాడే గుర్తించారు.

మాతృభాషను నమ్ముకొంటే తప్పులు దొర్లవా అని కొందరు అడుగుతారు. దొర్లుతాయి. మన విద్యార్థుల తప్పులలో చాలా భాగం మాతృభాషనుంచే వస్తాయి. అందుకే వాటి మూలాలు తెలుసుకొంటే దిద్దుకోవడం తేలిక. ఇంగ్లండులో చదివే పిల్లవానికోసం వ్రాసిన వ్యాకరణ గ్రంథం ఈ పని చేయలేదు. మన తప్పుల జాబితాను మనమే తయారుచేసుకోవాలి. మచ్చుకు కొన్ని ఇక్కడ చూపుతున్నాము.

“అయిదేళ్ళనుంచి ఇక్కడ ఉంటున్నాను”, “2019 నుంచి ఇక్కడ ఉంటున్నాను” – తెలుగులో రెండు చోట్లా “నుంచి” ఒక్కటే. ఉర్దూలో రెండు చోట్లా “సే” ఒక్కటే. ఇంగ్లీషులో కాలపు పొడవు చెప్పేటప్పుడు “ఫర్”, మొదలైన క్షణం చెప్పేటప్పుడు “సిన్స్” వస్తాయి. “ఫర్ ఫైవ్ ఇయర్స్” అనాలి. “సిన్స్ 2019” అనాలి. క్రియ కూడా “ఐ యామ్ లివింగ్” అని ఉండక “ఐ హ్యావ్ బీన్ లివింగ్” అని మారుతుంది. గతంలో మొదలై ఇప్పటివరకు సాగిన పని అని ఆ రూపం చెబుతుంది.

“ఎ”, “ద” అన్న రెండు చిన్న మాటలు మన భాషలలో లేవని విద్యార్థులు భయపడతారు. వాటి నీడ మన భాషలలోనూ ఉన్నది. “ఒక పుస్తకం కొన్నాను. ఆ పుస్తకం పోయింది” అని మనం అంటాము. మొదటిసారి చెప్పినప్పుడు “ఒక”; వినేవాడికి ఏదో తెలిసిన తరువాత “ఆ”. అనేక సందర్భాలలో “ఎ”, “ద” అన్నవాటికి ఇదే తేడా. వాక్యం వ్రాసి, ఆ నామవాచకం ముందు “ఒక” నప్పుతుందా, “ఆ” నప్పుతుందా అని అడిగి చూసుకొంటే సగం తప్పులు తగ్గుతాయి. “ఎ”, “యాన్” విషయంలో అక్షరాన్ని చూడక ధ్వనిని వినాలి. “యాన్ అవర్” అంటాము. “ఎ యూనివర్సిటీ” అంటాము.

“ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్”, “ఐ యామ్ నోయింగ్ హిమ్” అన్న వాక్యాలు మన ప్రాంతంలో తరచు వినబడతాయి. జరుగుతున్న పనికి “ఇంగ్” రూపం తగును. ఉండడం, తెలియడం, నమ్మడం, కావాలనుకోవడం వంటివి స్థితులు. “నాకు తెలుసు” అనవలసిన చోట తెలుగులో మనం “నాకు తెలుస్తున్నది” అనము కదా! ఇంగ్లీషులోనూ అంతే. “ఐ హ్యావ్ టూ బ్రదర్స్”, “ఐ నో హిమ్” అంటే చాలును.

ఉర్దూలో “వో” అన్న సర్వనామం పురుషునికీ స్త్రీకీ సమానం. లింగభేదం క్రియలో కనబడుతుంది. తెలుగులో “ఆమె వచ్చింది”, “బండి వచ్చింది” అన్నచోట క్రియారూపం ఒక్కటే. అందువల్ల అక్కగారిని గురించి మొదలుపెట్టిన పేరాలో మూడవ వాక్యానికి “హి” ప్రత్యక్షమవుతుంది. ఉర్దూలో “అగర్చె” తో మొదలైన వాక్యం “లేకిన్” తో జతపడుతుంది. ఆ జతను ఇంగ్లీషులోకి తెచ్చి “ఆల్దో” అన్న తరువాత “బట్” కూడా వ్రాస్తున్నారు. ఇంగ్లీషులో ఆ రెండింటిలో ఒక్కటి చాలు. తెలుగులో “మాత్రమే”, ఉర్దూలో “హీ” తాము పట్టుకొన్న మాట తరువాత వస్తాయి. “టూ డేస్ ఓన్లీ” అన్న ప్రయోగానికి మూలం ఇదే. “ఓన్లీ” అన్న మాటను అది పరిమితం చేసే మాటకు ముందు, దానికి ఆనించి పెట్టాలి. “ఫర్ ఓన్లీ టూ డేస్” అనడం మేలు.

అన్నిటికంటె పెద్ద ఇబ్బంది వాక్య నిర్మాణంలో ఉన్నది. తెలుగులో “వెళ్ళి, చూసి, అడిగి, కనుక్కొని వచ్చాను” అని ఎన్ని క్రియలైనా ఒకే దారానికి గుచ్చవచ్చును. చివరి క్రియ దారాన్ని ముడివేస్తుంది. వినేవాడు ఓపికతో ఆ ముడికోసం ఎదురుచూస్తాడు. ఇంగ్లీషు చదివేవాడికి ఆ ఓపిక ఉండదు. ఎవరు, ఏమి చేశారు అన్నది వాక్యం మొదటిలోనే తెలియాలని అతడు ఆశిస్తాడు. ఇందాకటి దరఖాస్తులో “హ్యావింగ్” అన్న మాట మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం మన “చేసి”, “పోయి”, “వచ్చి” అన్న రూపాలే. అటువంటి “హ్యావింగ్” కనబడినచోటల్లా వాక్యాన్ని తుంచి, చుక్క పెట్టి, కొత్త వాక్యం మొదలుపెట్టాలి. ఒక వాక్యానికి ఒక సంగతి చాలు.

కర్మణి ప్రయోగం విషయంలోనూ మన భాష మనకు సాయపడగలదు. తెలుగులో “నాచేత అన్నం తినబడింది” అని ఎవరూ అనరు, అంటే నవ్వుతారు. తీరా ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు మాత్రం “ఇట్ ఈజ్ రిక్వెస్టెడ్”, “ఇట్ వాజ్ ఇన్‌ఫార్మ్‌డ్” అని కర్తను దాచివేస్తాము. ఎవరు కోరారు, ఎవరు చెప్పారు అన్నవి చదివేవాడు ఊహించుకోవలసిందే. కర్త ఎవరో తెలియనప్పుడు, లేదా కర్త ముఖ్యం కానప్పుడు ఆ ప్రయోగం తప్పు కాదు. “ద బ్రిడ్జ్ వాజ్ వాష్డ్ అవే” అంటే సరిపోతుంది. బాధ్యత ఎవరిదో చెప్పవలసిన చోట మాత్రం కర్తను ముందు నిలబెట్టాలి.

ఇక అదనపు పదాల సంగతి. “రిటర్న్” అంటేనే తిరిగి రావడం, తిరిగి ఇవ్వడం; దానికి “బ్యాక్” తోక అవసరం లేదు. “డిస్కస్” తరువాత “అబౌట్” అక్కరలేదు. “డ్యూ టు ద రీజన్ దట్” అన్న అయిదు మాటలు చేసే పనిని “బికాజ్” ఒక్కటే చేస్తుంది. వ్రాసినదానిని పైకి చదివి, ఊపిరి ఆగిన చోట వాక్యం ఆపాలి. తేదీ, మొత్తం, పేరు, అడుగుతున్న పని అన్న నాలుగూ ఉత్తరంలో ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఉంటే ఉత్తరం ఉత్తరమైనట్టే.

మా వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. ఇంత సూటిగా వ్రాస్తే వినయం లోపించదా అని మొదటి ప్రశ్న. తెలుగులో “గారు”, “మీరు” ఉన్నాయి. ఉర్దూలో “ఆప్”, “జనాబ్” ఉన్నాయి. మన్నన మన క్రియలలోనే కలిసి ఉన్నది. ఇంగ్లీషులో తండ్రికీ తమ్మునికీ “యూ” ఒక్కటే. ఆ లోటు పూడ్చాలనే ఆరాటంతోనే మనవాడు “కైండ్లీ”, “హంబ్లీ”, “ఎస్టీమ్డ్” అన్న మాటలను దోసిళ్ళతో పోస్తాడు. ఆ ఆరాటంలో మంచి సంస్కారం ఉన్నదని మేము ఒప్పుకొంటాము. అయితే ఇంగ్లీషులో మర్యాదకు “సర్” లేక “మేడమ్”, “ప్లీజ్”, “థాంక్ యూ” చాలును. చదివేవాడి కాలాన్ని వృథా చేయకపోవడం వీటన్నిటినీ మించిన మర్యాద.

పెద్ద పదాలు వ్రాస్తేనే పరీక్షలో మార్కులు వస్తాయన్నది రెండవ అభ్యంతరం. ఆడంబరం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి మన దేశ న్యాయస్థానాల చరిత్రలోనే నిదర్శనం ఉన్నది. ఇల్లు అద్దెకిచ్చిన యజమానికీ అద్దెదారుకూ మధ్య నడిచిన ఒక వివాదంలో ఒక ఉన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, దాని ఇంగ్లీషు ఎవరికీ అర్థం కానందున, 2017లో సుప్రీంకోర్టు దానిని పక్కనపెట్టి, కేసును మళ్ళీ విచారించమని తిప్పి పంపింది. 2022లో మరొక కేసులో, తీర్పులను స్పష్టంగా ఎలా వ్రాయాలో సుప్రీంకోర్టే వివరించవలసి వచ్చింది. చట్టం చదివిన పెద్దలు, కావలసినంత పదసంపద ఉన్నవారు వ్రాసిన భాష గతి అది. ఆ తిప్పి పంపడంలో ఆలస్యం భరించినది కక్షిదారులు. పెద్ద పదాల ఖర్చు వ్రాసినవాడి మీద పడదు. న్యాయంకోసం ఎదురుచూసేవాడి మీద పడుతుంది.

మూడవ అభ్యంతరం నేటి కాలానిది. చేతిలోని ఫోనే క్షణంలో తప్పులేని ఉత్తరం వ్రాసి ఇస్తుండగా ఈ శ్రమ ఎందుకని విద్యార్థులు అడుగుతున్నారు. యంత్రాన్ని మేము నిందించము. తప్పులు దిద్దుకోవడానికి, తెలియని ప్రయోగం అడిగి తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కాని ధ్రువపత్రం పన్నెండవ తేదీన వచ్చిందని దానికి ఎవరు చెప్పాలి? చెప్పకపోతే అదికూడా ఒక అందమైన జ్వరం చీటీనే వ్రాసి ఇస్తుంది. పాత గైడు పుస్తకంలో పది ఉత్తరాలే ఉండేవి. ఫోనులో లెక్కలేనన్ని ఉన్నాయి. అరువు వాక్యం అరువు వాక్యమే. పైగా ముఖాముఖి పరీక్షలో ఎదుటివారు “మీరు వ్రాసినదానిని వివరించండి” అన్నప్పుడు ఫోను జేబులో ఉంటుంది.

మాతృభాషా మాధ్యమాలలో చదివి వచ్చిన మన విద్యార్థులలో పెక్కుమందికి ఇంట్లో ఇంగ్లీషు వినబడదు. తండ్రి చేసిన దరఖాస్తు చూసి నేర్చుకొనే అవకాశం కూడా చాలామందికి లేదు. వారి కుటుంబంలో మొదటి ఇంగ్లీషు ఉత్తరం వారే వ్రాస్తున్నారు. అటువంటివారికి కళాశాల ఇవ్వవలసినది కంఠస్థం చేయడానికి మరికొన్ని నమూనాలు కావని మేము గట్టిగా నమ్ముతున్నాము. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధనకోసం కేంద్రీయ సంస్థ వెలిసింది. 2007నుంచి అది విశ్వవిద్యాలయంగా నడుస్తున్నది. పెద్ద సంస్థలు చేసే పరిశోధన ఒక ఎత్తు. మన తరగతి గదిలో వారానికి ఒక్క గంట చేయగల పని మరొక ఎత్తు.

ఆ ఒక్క గంటకు మా సూచన ఇది. ప్రతి విద్యార్థీ తన జీవితంలో నిజంగా అవసరమైన ఒక ఉత్తరాన్ని ఎంచుకోవాలి. బస్సు పాసు కావచ్చు, వసతి గృహంలో నీటి ఎద్దడి కావచ్చు, మార్కుల జాబితాలో తప్పుపడిన తండ్రి పేరు కావచ్చు. ముందు తెలుగులోనో ఉర్దూలోనో పక్కవానికి చెప్పాలి. తరువాత ఆరు వాక్యాలకు మించకుండా ఇంగ్లీషులో వ్రాయాలి. తెలుగు విద్యార్థి వ్రాసినది ఉర్దూ విద్యార్థి, ఉర్దూ విద్యార్థి వ్రాసినది తెలుగు విద్యార్థి చదివి, వ్రాసినవారు ఏమడుగుతున్నారో తన మాటలలో చెప్పాలి. చెప్పగలిగితే ఉత్తరం నెగ్గినట్టు. ఎర్ర సిరాతో దిద్దడం ఆ తరువాతి పని. రెండు భాషల పిల్లలు ఒకే బల్లమీద కూర్చొనే మన కళాశాలకు ఇది ఖర్చులేని సౌకర్యం. ఒకరి భాషలోని మలుపు ఇంకొకరికి తెలియదు కనుక, అరువు పదాల చాటున ఎవరూ దాగలేరు.

సంవత్సరాంతాన ఆ ఉత్తరాలలో మంచివి ఏరి ఈ సంచికలోనే అచ్చువేయవచ్చును. అప్పుడు సెలవు చీటీలు చదివేవారికి కూడా కొంత కొత్తదనం లభిస్తుంది. “మై సిస్టర్స్ నిఖా ఈజ్ ఆన్ ఫ్రైడే. ప్లీజ్ గివ్ మి టూ డేస్ లీవ్” అని ఒక విద్యార్థి ధైర్యంగా వ్రాసిన రోజున, అధ్యాపకులు సెలవుతోపాటు పెళ్ళికూతురికి దీవెన కూడా అందజేయగలుగుతారు. జ్వరానికి ఆ భాగ్యం లేదు.